‘వద్దు’ బటన్ ఎవరూ నొక్కలేదు

మా ఆఫీసు ఆదోని బయట, ఎమ్మిగనూరు రోడ్డు మీద, ఒక పత్తి మిల్లు మేడ మీద ఉండేది. కింద పత్తి ట్రాక్టర్లు, పైన మేము. రోజూ పొద్దున గోడ ముందు నిలబడి మాట్లాడుకునేవాళ్లం. దీన్ని స్టాండప్ అంటారు. కాళ్లు నొప్పి పుడితే మనుషులు తక్కువ మాట్లాడతారని ఎవరో మహానుభావుడు కనిపెట్టాడట. ఆ మహానుభావుడికి మా టీమ్ లీడ్ తారసపడలేదు. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, పనికి అడ్డం ఏముంది అని మూడు ప్రశ్నలు. మూడో ప్రశ్నకు మా అందరి దగ్గరా ఒకటే జవాబు ఉండేది. అది మా ఎదురుగానే నిలబడి ఉండేది కాబట్టి ఎవరూ పైకి చెప్పేవాళ్లు కాదు.

కంపెనీది బెంగళూరు, లీడ్‌దీ బెంగళూరే. తెలుగు బాగానే మాట్లాడతాడు, కానీ ‘రైతు’ అనే మాట ఆయన నోట నేను ఒక్కసారీ వినలేదు. యూజర్ అనేవాడు. గేటు దగ్గర తువ్వాలు తలకు చుట్టుకుని, ట్రాక్టరు నీడలో కూర్చుని సద్ది తినే యూజర్లను ఆయన ఏసీ గది అద్దంలోంచి చూసేవాడు. ఆదోనిలో ఉన్నన్నాళ్లూ మెట్లు దిగి వాళ్లలో ఒక్కడితోనైనా మాట్లాడిన పాపాన పోలేదు. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం పోతారు. వాళ్లను చూసి నవ్వేవాళ్లున్నారు గానీ, వాళ్లు కనీసం తల వంచి నేల చూస్తారు. మావాడు లాప్‌టాప్ చూసి వజ్రాలు ఏరేవాడు.

మేం చేస్తున్నది మిల్లుకు ఒక ఫోన్ యాప్. పత్తి ఏరడం మొదలైతే మిల్లు ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా వరుస కడతాయి. అది తప్పించాలని మిల్లు యజమాని ఆలోచన, మంచిదే. రైతు తన దగ్గర పత్తి ఉందని యాప్‌లో చెబితే, ఫలానా రోజు తీసుకురమ్మని ఒక నంబరు వస్తుంది. కింద రెండే బటన్లు: ‘వస్తాను’, ‘వద్దు’. ఆ రోజు ఆ నంబరు చూపిస్తేనే గేటు తెరుస్తారు. వస్తానని రెండుసార్లు రాకపోతే ఆ పేరును సీజన్ అయిపోయేదాకా ఆపేస్తారు.

నా ఉద్యోగం యూజబిలిటీ. అంటే వాడే మనిషి చేతికి వస్తువు ఒదిగిందా లేదా చూడడం. నేను ఎమ్మిగనూరు మనిషిని. మేం నేతవాళ్లం కాకపోయినా మగ్గాల వీధిలోనే అద్దెకుండేవాళ్లం, కాబట్టి ఈ విద్య నాకు బడిలో కంటే ముందు వీధిలోనే తెలిసింది. గుంట మగ్గం దించేటప్పుడు నేసే మనిషిని ముందు నేల మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, మోకాలు ఎక్కడ మడుస్తాడో చూసి, అప్పుడు గుంట తవ్వేవాళ్లు. పొట్టివాడి గుంట పొడుగువాడికి పనికిరాదు. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, మొదట మనిషి, తర్వాత గుంట. మా ఆఫీసులో మొదట గుంట తవ్వేవాళ్లు. తర్వాత నన్ను పిలిచి, మనిషి కాళ్లు ఎక్కడ నరికితే సరిపోతాయో చెప్పమనేవాళ్లు.

మా పని పద్ధతి పేరు ఎజైల్. చురుకైనది అని అర్థమట. పని మొత్తాన్ని రెండేసి వారాల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు స్ప్రింట్ అని పేరు పెట్టి, ఒక్కో పనినీ పసుపు చీటీ మీద రాసి గోడకు అంటిస్తారు. చేయాల్సినవి ఎడమ పక్క, అయిపోయినవి కుడి పక్క. ఆదోని ఎండకు ఆ చీటీల జిగురు నిలిచేది కాదు. కూలర్ పెడితే ఎగిరేవి, ఆపితే రాలిపోయేవి. పద్ధతిలో లోపం ఏమిటని లీడ్ ఒక సాయంత్రమంతా మీటింగ్ పెట్టి, చివరికి బెంగళూరు నుంచి ఇంకా ఖరీదైన చీటీలు తెప్పించాడు. అవీ రాలాయి.

ఒక్కో చీటీ మీద రైతు నోట్లో ఒక వాక్యం పెట్టి రాసేవాళ్లు. “ఒక రైతుగా నేను నా స్లాట్‌ను నిర్ధారించుకోవాలని కోరుకుంటున్నాను.” పుట్టి బుద్ధెరిగాక ఇలా మాట్లాడిన రైతును నేను మా తాలూకాలో చూడలేదు, వేరే తాలూకాలో ఉంటే ఆయనకు నా దండాలు.

నేను అడిగింది చిన్నది. ప్రోగ్రాములు రాసేవాళ్ల కంటే నన్ను ఒక స్ప్రింట్ ముందు నడవనివ్వండి అన్నాను. ఈ రెండు వారాల్లో నేను యాప్ తెరలను కాగితం మీద గీసి రైతులకు చూపిస్తాను, ఎక్కడ తడబడతారో చూసి దిద్దుతాను, వచ్చే రెండు వారాల్లో మీరు దాన్ని కట్టండి. చీటీ కుడి పక్కకు జరిగే ముందు ఒక రైతు దాన్ని వాడి చూసి ఉండాలి, అంతే. లీడ్ సానుభూతితో తల ఊపాడు. “మంచి ఆలోచన. కానీ మన వేగం తగ్గుతుంది” అన్నాడు. ఎటు పోతున్నామో తెలియని బండికి వేగం మీద అంత మమకారం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన అనుమతి లేకుండానే, ఒక ఆదివారం కాగితాలు సంచిలో పెట్టుకుని మా చిన్నమ్మ ఊరికి పోయాను. మా అమ్మ చెల్లెలు. పెద్దకడుబూరు పక్కన పల్లె. అప్పటికి తొలి పత్తి ఏరి ఇంట్లో పోశారు. ఇల్లంటే రెండు గదులు. రెండింటి నిండా పత్తి ఉంటే చిన్నమ్మ, చిన్నాయన పంచలో పడుకుంటున్నారు. పత్తి ఇంట్లో, మనుషులు బయట. మా వైపు ఏటా ఇంతే, ఎవరూ దాన్ని కష్టం కింద లెక్కెయ్యరు.

చిన్నమ్మకు ఆ ఏడు ఒకటే కోరిక. మా వైపు పత్తి పని అయిపోగానే ఊళ్లకు ఊళ్లు ఇళ్లకు తాళాలేసి, గుంటూరు వైపు మిరపకాయ కోయడానికి పోతాయి. దాన్ని సుగ్గి అంటాం. చేలగట్టున గుడిసె వేసుకుని, ఎండలో వంగి, వేళ్లు మండుతుంటే నీళ్లలో ముంచుకుంటూ కోయాలి. చిన్నమ్మ పెళ్లయిన మరుసటేడు నుంచీ పోతోంది. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు. “ఈ యాడాది మన పత్తి మిల్లు ధరకు పడిందంటే సుగ్గికి పోము పాపా. ఇంటికాడే ఉంటాం. ఇంగ నా సేత కాదు” అంది. ఊళ్లోకొచ్చే వ్యాపారికి అమ్మితే ఆ ధర రాదు, సుగ్గి తప్పదు. మొత్తం విషయం ఇంతే.

కాగితం మీద గీసిన తెర ఆమె ముందు పెట్టాను. శుక్రవారం రమ్మని రాసి ఉంది. చిన్నమ్మ క్షణం ఆలోచించకుండా ‘వస్తాను’ మీద వేలు పెట్టింది.

“శుక్రవారం తోల్తారా చిన్నమ్మా?”

“శుక్రవారం ఎట్ల తోల్తాం? ఇంట్లో లక్ష్మిని శుక్రవారం గడప దాటిస్తారా ఎవురన్నా? శనివారం పొద్దున్నే తోల్తాం.”

“మరి వస్తానని ఏంటికి నొక్కినావు?”

“ఇంగేం నొక్కల్ల?” అని నా మొహం వింతగా చూసింది. “పత్తి కొంటాం రాండని పిల్సినోళ్లకు వద్దని సెప్తామా పాపా? ఇంటికొచ్చే లక్ష్మిని వద్దంటే మళ్లీ వస్తాదా?”

పంచలో బీడీ తాగుతున్న చిన్నాయన కూడా అదే మాట. “వస్తామంటిమి, వస్తాం. ఒక దినం అట్లా ఇట్లా. ఎవురన్నా పిలిస్తే పోమా ఏంది.”

ఆ పక్క ఇళ్లలోనూ చూపించాను. ఇళ్లవాళ్లందరూ ‘వస్తాను’ నొక్కారు. ఎవరూ శుక్రవారం పోరు. ‘వద్దు’ మీద ఒక్క వేలూ పడలేదు. ఒక ముసలామె అయితే ఆ మాట ఉన్న చోట కాగితాన్ని బొటనవేలితో మూసేసి, మిగతాది చూసింది.

నాకు ఆ సాయంత్రం బస్సులో చాలా సంతోషంగా ఉంది. పని తేలిక. ‘ఇంకో రోజు’ అని మూడో బటన్ ఒకటి పెడితే చాలు. సోమవారం పొద్దున చీటీ రాసి అంటించి, స్టాండప్‌లో చెప్పాను. మా ప్రోగ్రామర్ ఆదోనివాడే. అతనికి ఒక్క ముక్కలో అర్థమైంది. “ఒక పూట పని అక్కా. సెప్తే ఈ మద్యాన్నమే సేస్తా. కానీ ఆయప్ప చీటీ జరపందే నేను ముట్టుకోగూడదు” అని లీడ్ వైపు చూపించాడు.

లీడ్ చీటీ చదివాడు. “ఇది ఎడ్జ్ కేస్” అన్నాడు. అంటే ఎక్కడో ఓ అంచున, ఎప్పుడో ఒకరికి జరిగేది అని. నేను ఊరు ఊరంతా అంచునే ఉంది సార్ అన్నాను. ఆయన నవ్వి, మూఢనమ్మకాల కోసం సాఫ్ట్‌వేర్ రాయలేమన్నాడు. ఆయన కంప్యూటర్‌కు ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు.

పోనీ పెద్దకడుబూరు వాళ్లకు శుక్రవారం వద్దు, వేరే రోజు ఇవ్వండి అని అడిగాను. అప్పుడు తెలిసింది, ఆయన ఒక్కో మండలానికి వారంలో ఒక్కో రోజు కేటాయించేశాడని. పెద్దకడుబూరుకు శుక్రవారం పడింది. మార్చడం కుదరదు, స్ప్రింట్ మొదలైపోయింది. పద్ధతి పేరు చురుకైనది, శుక్రవారాన్ని గురువారం చేయలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

తర్వాతి ప్లానింగ్ మీటింగ్‌లో మళ్లీ పోట్లాడాను. దేవరగట్టులో దసరాకు కర్రలతో తలలు పగలగొట్టుకునేవాళ్లకైనా దేవుణ్ని తమ ఊరికి తీసుకుపోవాలనే ఆశ ఉంటుంది. మా ప్లానింగ్ మీటింగుల్లో కొట్లాట తప్ప ఏ దేవుడూ ఎవరింటికీ వచ్చేవాడు కాదు. నా చీటీని బ్యాక్‌లాగ్ అనే కుప్పలో వేశారు. మా ఇంట్లో విరిగిన కుర్చీని పారేయబుద్ధి కాక అటక మీద పెడతారు, అలాంటిది.

యాప్ విడుదలైంది. మిఠాయిలు పంచారు. పెద్దకడుబూరు మండలానికి మొదటి శుక్రవారం వచ్చింది. మిల్లు ముందు రోడ్డు ఖాళీ. వస్తానని నొక్కినవాళ్లలో ఎవరో ఒకరిద్దరు తప్ప రాలేదు. శనివారం పొద్దున మాత్రం తెల్లారకముందే ట్రాక్టర్లు వరుస కట్టాయి. మేడ మీద నుంచి చూస్తే అందులో చిన్నాయన తలపాగా కనిపించింది, పక్కన చిన్నమ్మ. కిందికి పరిగెత్తాను. గేటు మనిషి ఆమె ఫోన్ తిప్పి తిప్పి చూసి, “నిన్నటి నంబరమ్మా ఇది. ఈ దినం పని సేయదు” అంటున్నాడు.

“నిన్న శుక్రవారం గదప్పా” అంది చిన్నమ్మ.

“నాకు తెల్దా? మా ఇంట్లోనూ శుక్రవారమే. మిషను ఒప్పుకోదు” అన్నాడతను, పాపం.

పైకి పోయి లీడ్‌ను కిటికీ దగ్గరకు పిలిచి ఆ వరుస చూపించాను. “చూశారా, యూజర్లు క్రమశిక్షణ లేకుండా ఎలా వస్తారో. అందుకే యాప్ కావాలి” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నాకు ఆయన్ను అక్కడినుంచే ఆ పత్తి మీదకు తోయాలనిపించింది. మెత్తగానే పడేవాడు.

చిన్నమ్మకు రెండోసారి కూడా శుక్రవారమే వచ్చింది. మళ్లీ ‘వస్తాను’ నొక్కింది. ఈసారి నేర్చుకుంది కదా, శనివారం దాకా ఆగకుండా గురువారమే ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చింది. ఆలస్యమైతే కదా తప్పు, ఒక రోజు ముందే వస్తే ఎవరు కాదంటారని ఆమె లెక్క. మనుషుల లోకంలో ఆ లెక్క తప్పు కాదు. గేటు తెరుచుకోలేదు. ట్రాక్టరు వేరేవాళ్లది, పొద్దునదాకా నిలపనన్నారు. పత్తి మళ్లీ ఇంటికే పోయింది. శుక్రవారం సాయంత్రం చిన్నమ్మ పేరు ఆగిపోయింది. ఆమెది ఒక్కదానిదే కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్లు దాదాపు మొత్తం.

శనివారం లీడ్ దగ్గరికి పోయాను. ఆ ఊళ్లన్నీ తెరవండి, మూడో బటన్ పెట్టండి, లేదా ఒక్క రోజు మార్చండి, ఏదో ఒకటి చేయండి అని అడిగాను. మా చిన్నమ్మ సంగతి కూడా చెప్పాను, ఇంకో వారంలో సుగ్గి బండి వస్తుందని, ఈలోగా పత్తి పడితే ఆమె ఎక్కదని. బతిమాలుకున్నానంటే తప్పు లేదు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. వినడంలో ఆయనకు శిక్షణ ఉంది. “మీ బాధ అర్థమైంది. వచ్చే స్ప్రింట్‌లో దీనికి ప్రాధాన్యం ఇద్దాం. మధ్యలో ముట్టుకుంటే ప్రాసెస్ దెబ్బతింటుంది” అన్నాడు. ప్రాసెస్‌కు మోకాళ్ల నొప్పి ఉన్నట్టు మాట్లాడాడు.

ఆదివారం నుంచి ముసురు పట్టింది. చిన్నమ్మ ఇంటి పైకప్పు ఒక మూల కారుతుంది. గిన్నెలు పెట్టారు, పట్టలు కప్పారు, తడిసిన పత్తిని తీసి పంచలో ఆరబోశారు, పంచలోకీ జల్లు కొట్టింది. మనుషులు వంట గుడిసెలో ముడుచుకున్నారు. ఆదోని మార్కెట్ యార్డుకు తోలుదామంటే ఆ ముసురులో ట్రాక్టరువాళ్లు రామన్నారు. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. “యాప్ తెరుసుకున్యాదా పాపా?” అని అడిగేది. లేదని చెప్పి, పైకప్పు సంగతి అడిగేదాన్ని.

వాన తెరిపి ఇచ్చి, ఊళ్లోకి వ్యాపారి వ్యాను వచ్చింది. వచ్చింది శుక్రవారం. మరునాడు సుగ్గి బండి. వ్యాపారికి బండి సంగతి తెలుసు, తడి సంగతి తెలుసు, ఎంత చెప్పినా ఇచ్చేస్తారని తెలుసు. చిన్నమ్మ గడప మీద పసుపు రాసి, దండం పెట్టుకుని, పక్కకు తప్పుకుందట. శుక్రవారం గడప దాటించనని మిల్లు ధర పోగొట్టుకున్న పత్తి, ఆఖరికి శుక్రవారమే, సగం ధరకు, అదే గడప దాటింది. మరునాడు చిన్నమ్మా చిన్నాయనా తాళం వేసి బండి ఎక్కారు.

సోమవారం స్టాండప్‌లో అడ్డం ఏముందని లీడ్ అడిగాడు. మీరే అన్నాను. జోక్ అనుకుని అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

కొన్నాళ్లకు అటక మీది కుర్చీ కిందికి దిగింది. మిల్లు యజమానికి పత్తి చాలలేదు, పెద్దకడుబూరు పత్తి ఎక్కడికి పోయిందని కేకలేశాడు. అంతే, నా చీటీకి రెక్కలొచ్చాయి. ప్రోగ్రామర్ చెప్పినట్టే ఒక పూట పని. ఆగిపోయిన పేర్లన్నీ తెరిచారు, ‘ఇంకో రోజు’ బటన్ పెట్టారు. ఎవరు ఆ బటన్ నొక్కినా, మర్నాడు పొద్దున మళ్లీ అడిగేలా ఏర్పాటు చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, పైగా ఆకులకు ఒక పేరు కూడా పెట్టారు: యూజర్ డిలైట్.

స్ప్రింట్ చివర బెంగళూరు పెద్దలు వీడియోలో కూర్చుంటే లీడ్ తెర మీద ఒక గీత చూపించాడు. పైకి పోతున్న గీత. పెద్దకడుబూరు యూజర్లు ఇప్పుడు అందరికంటే చురుగ్గా ఉన్నారట, రోజూ పొద్దున్నే యాప్ తెరిచి బటన్ నొక్కుతున్నారట. “యూజర్‌ను అర్థం చేసుకుంటే ఇలా ఉంటుంది” అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ గీత చూస్తే అనుమానమొచ్చింది. ఆ ఊళ్లలో ఇప్పుడు పత్తీ లేదు, మనుషులూ లేరు. ఇళ్లకు తాళాలున్నాయి.

బయటికొచ్చి చిన్నమ్మకు ఫోన్ చేశాను. మిరప చేలో ఉంది, గాలి హోరు వినిపిస్తోంది.

“చిన్నమ్మా, మిల్లు యాప్ నొక్కుతాండావా?”

“రోజూ నొక్కుతాండా పాపా. ఇంకో రోజు అని. పొద్దున్నే అడుగుతాంది గదా, పత్తి తెస్తావా అని.”

“ఇంట్లో పత్తి యాడుంది చిన్నమ్మా? వద్దని నొక్కేయ్, ఇంక అడగదు.”

“వద్దని ఎట్ల నొక్కేది?” అంది. కాసేపు దగ్గింది, మిరప ఘాటుకు. “ఆడ ఎవురో ఉండారు పాపం, ఒక్క పొద్దూ మర్సిపోకుండా అడుగుతాండారు. మనం ల్యాకపోయినా అడిగేవాళ్లు ఎవురుండారు సెప్పు. వేళ్లన్నీ మండుతాండాయి, చిటికెనేలితో నొక్కుతాండా.”